చల్లనీళ్ళలో స్మాల్‌మౌత్ బాస్: గైడ్ పని ఏది, మీ పని ఏది

నవంబర్‌లో స్మాల్‌మౌత్ బాస్ (ఉత్తర అమెరికా మంచినీటి చేప) కోసం గైడ్‌ను పెట్టుకునేవాళ్ళలో చాలామంది వేసవి అలవాట్లతోనే పడవెక్కుతారు. ఎర దూరంగా విసరడం, గబగబా చుట్టేయడం, పది నిమిషాలకోసారి ఎర మార్చడం. చల్లనీళ్ళలో ఈ మూడూ దండగే. చేప ఎక్కడుందో వెతికి, పడవను సరిగ్గా దాని నెత్తిన నిలబెట్టడం గైడ్ పని. ఎర అడుగును తాకుతోందా లేదా అన్నది క్షణక్షణం తెలుసుకుంటూ ఉండటం మీ పని. ఈ రెండోది ఎంత మంచి గైడైనా మీకు చేసిపెట్టలేడు. ఖాళీ చేతులతో తిరిగొచ్చే రోజులు చాలావరకు చెడేది అక్కడే.

లెక్కంతా నీటి ఉష్ణోగ్రతది. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 50కి దిగే రోజుల్లో చేపలు చెల్లాచెదురుగా తిరుగుతూ దొరికింది తింటాయి. 50 కిందికి, అంటే సెల్సియస్‌లో 10 కిందికి దిగగానే గుంపులు కట్టడం మొదలవుతుంది. 48కీ 42కీ మధ్య గుంపు బాగా బిగుసుకుంటుంది, అయినా తిండి మానదు. అనుభవమున్న గైడ్‌లు ఏడాదంతా ఎదురుచూసేది ఈ కొద్ది వారాల కోసమే. 40 దాటి పడిపోయాక చేప దాదాపు కదలదు. అరుగుదల మందగిస్తుంది కాబట్టి ఒకసారి తిన్నది మళ్ళీ నోరు తెరవడానికి చాలా సమయం పడుతుంది. అందుకని ట్రిప్ తేదీని క్యాలెండర్ చూసి కాకుండా నీటి ఉష్ణోగ్రత చూసి పెట్టుకోవడం మేలు. తేదీ ముందే ఖాయం చేసుకోక తప్పకపోతే, వారం అటూ ఇటూ జరుపుకునే వీలుందా అని గైడ్‌ను అడిగి ఉంచండి.

నదుల్లో ఈ గుంపు కట్టడం మరీ గట్టిగా ఉంటుంది. వేసవంతా రాళ్ళ మధ్య పరుగునీళ్ళలో ఉన్న చేపలు చలికాలానికి లోతైన, నీటి వడి తగ్గిన మడుగుల్లోకి దిగిపోతాయి. విస్కాన్సిన్‌లోని ఎంబరాస్ నదిలో ట్యాగ్ కట్టి వదిలిన స్మాల్‌మౌత్‌లు ఆకురాలు కాలంలో పదుల కిలోమీటర్లు దిగువకు పోయి వుల్ఫ్ నదికి చేరినట్టు పరిశోధకులు గమనించారు. అంటే మైళ్ళకు మైళ్ళు నది ఖాళీగా ఉండి, ఒక్క మడుగులో చేపలు కిక్కిరిసి ఉండొచ్చు. ఆ మడుగులోనూ మధ్య భాగం కంటే, పారే నీరు, నిలవనీరు కలిసే గీత వెంబడి అడుగునున్న పెద్ద గుండ్రాళ్ళ వెనక చూడాలి. వాన పడి నది పెరిగితే ఆ గీత ఒడ్డువైపు జరుగుతుంది, చేపలూ దాంతోపాటే జరుగుతాయి. బయల్దేరే ముందు అమెరికా భూగర్భ సర్వే సంస్థ (యూఎస్‌జీఎస్) గేజ్‌లో మూడు నాలుగు రోజుల నీటిమట్టం చూసుకుంటే ఆ రోజు ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోతుంది. పెరుగుతున్న నీళ్ళు ఆకులు కూడా మోసుకొస్తాయి. ప్రతి విసురుకూ ఆకు తగులుతుంటే మూడు కొక్కేల ఎర తీసేసి, ఒకే కొక్కెమున్న జిగ్ (బరువు తలున్న ఎర) కట్టుకోవాలి.

అమెరికా, కెనడాల సరిహద్దులోని ఈరీ సరస్సు సంగతి వేరు. అక్కడ స్మాల్‌మౌత్‌లు ఇంత కొవ్వెక్కడానికి ముఖ్య కారణం రౌండ్ గోబీ. ఓడల్లో తూకం కోసం నింపే బ్యాలస్ట్ నీటితో వచ్చిపడ్డ ఈ చిన్న చేపను గ్రేట్ లేక్స్ ప్రాంతంలో మొదట గుర్తించింది 1990లో, సెయింట్ క్లెయిర్ నదిలో. చలి ముదిరేకొద్దీ గోబీలు లోతుకు జరుగుతాయి, బాస్‌లు వాటి వెంట పోతాయి. 2022 నవంబర్ 3న ఈరీ సరస్సులో ఒంటారియో వైపు 10.15 పౌండ్ల స్మాల్‌మౌత్ పడింది. ప్రపంచ రికార్డు 11 పౌండ్ల 15 ఔన్సులు, 1955 జులైలో టెనెసీ, కెంటకీల సరిహద్దులోని డేల్ హాలో సరస్సులో పట్టినది. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ చలిలో జనం ఈరీ మీదికి ఎందుకు పోతారో అర్థమవుతుంది. రాతి మిట్టలు బురదలోకి దిగిపోయే అంచుల్లో, 25 నుంచి 40 అడుగుల లోతున వెతకడం మామూలు.

ఈరీ గ్రేట్ లేక్స్‌లో అన్నిటికన్నా లోతు తక్కువ సరస్సు, సగటు లోతు 62 అడుగులే. అందుకే గాలికి అలలు త్వరగా లేస్తాయి, దగ్గరదగ్గరగా, నిటారుగా వస్తాయి. నైరుతి గాలి సరస్సు పొడవునా తోసుకొచ్చిందంటే తూర్పు కొసనున్న బఫెలో వైపు పడవ దించడం తెలివితక్కువ. గైడ్ ముందురోజు రాత్రి ఫోన్ చేసి రద్దు అన్నాడంటే కోప్పడకండి, అలా రద్దు చేయగలిగినవాడినే మళ్ళీ పిలవండి. డబ్బు కట్టే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి: గాలి వల్ల ఆగిపోతే అడ్వాన్సు తిరిగిస్తారా, వేరే తేదీకి మారుస్తారా, లేక నయాగరా నది లాంటి చాటు నీళ్ళకు తీసుకెళ్తారా.

తెల్లవారుజామున నాలుగింటికి లేవాల్సిన కాలం కాదిది. ఎండ పడ్డాక నీరు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కినా చేపలో చలనం వస్తుంది. పదకొండు నుంచి మూడు దాకా మంచి సమయం. పొద్దున్నే పడవ దించే ర్యాంప్ మీద ట్రైలర్ నుంచి కారిన నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి కాబట్టి ఉప్పో ఇసుకో చల్లాకే పడవ దించాలి.

ఇక ఎరలు. నాలుగు చాలు, కానీ ఒక్కోదాన్ని ఎలా ఆడించాలో తెలిసి ఉండాలి.

బ్లేడ్ బెయిట్ అంటే పలుచటి లోహపు రేకు, పైకి లాగితే గిలగిల వణుకుతుంది. 20 నుంచి 35 అడుగుల నీటికి అర ఔన్సుది, నదిలో పావు ఔన్సు నుంచి 3/8 ఔన్సుది. వెన్ను మీది రంధ్రాల్లో ముక్కుకు దగ్గరున్నదానికి కడితే వణుకు సన్నగా ఉంటుంది, వెనకదానికి కడితే వెడల్పవుతుంది. చల్లనీళ్ళకు ముందుది. లైన్‌ను నేరుగా రేకుకే ముడివేస్తే దాని అంచు కోసేస్తుంది, గుండ్రటి చిన్న స్నాప్ (తెరిచి మూసే తీగ కొక్కెం) వాడాలి. అడుగు తాకాక రాడ్ కొనను ఆరు నుంచి పన్నెండు అంగుళాలు మాత్రమే, వణుకు చేతికి తెలిసేంతవరకే ఎత్తాలి. తర్వాత ఎర దిగుతున్నంతసేపూ కొనను దాంతోపాటే దించాలి. లైన్ పూర్తిగా వదులైతే రెండు నష్టాలు: కొక్కెం వెనక్కి తిరిగి లైన్‌కే చిక్కుకుంటుంది, దిగేటప్పుడు చేప పట్టింది మీకు తెలియదు. చేప పట్టేది ఎక్కువగా దిగేటప్పుడే. రెండు మూడు అడుగులు ఎగరేసి ఆడించేవాళ్ళు గుంపుకు పైన ఖాళీ నీటిలో ఆడిస్తున్నట్టు.

ట్యూబ్ జిగ్ గాలికి కొట్టుకుపోయే పడవ నుంచి ఈడ్చడానికి. మూడున్నర అంగుళాల ట్యూబ్ (మెత్తటి గొట్టం లాంటి ఎర), గ్రీన్ పంప్‌కిన్ రంగు, లోపల 3/8 నుంచి 3/4 ఔన్సు తల. పడవ గంటకు అర మైలు అటూఇటుగా జరగాలి. ఒక మైలు దాటితే ట్యూబ్ అడుగు వదిలేసి తేలిపోతుంది. అప్పుడు గైడ్ పడవ వేగం తగ్గించే గుడ్డ సంచి, అంటే డ్రిఫ్ట్ సాక్ వేస్తాడు, మీరు బరువు పెంచాలి. బరువు సరిపోయిందా లేదా అన్నది లైన్ వాలు చెబుతుంది: దాదాపు నిలువుగా దిగుతుంటే సరి, ఏటవాలుగా పడవ వెనక్కి సాగిపోతుంటే తక్కువైంది. అలాగని మరీ బరువు కడితే రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటుంది.

డ్రాప్ షాట్‌లో బరువు కింద, కొక్కెం పైన. మామూలుగా ఆ రెండింటి మధ్య పన్నెండు అంగుళాలు వదులుతారు. గోబీ ఉన్న నీళ్ళలో ఆరు నుంచి ఎనిమిదికి తగ్గించండి. గోబీకి ఈత సంచి (ఒంట్లో ఉండే, తేలేందుకు తోడ్పడే గాలి సంచి) లేదు కాబట్టి అది అడుగునే పాకుతుంది, నేల నుంచి అడుగు ఎత్తున తేలే గోబీని బాస్ ఎప్పుడూ చూసి ఉండదు. రాడ్‌ను ఆడించనే వద్దు. పడవ ఊగే ఊపే ఎక్కువ.

నాలుగోది హెయిర్ జిగ్. నది మడుగుల్లో 1/8 ఔన్సు మరబూ ఈకల జిగ్‌ను ప్రవాహం వెంట నెమ్మదిగా జారనిస్తే చాలు. టెనెసీ, కెంటకీల్లోని లోతైన తేట రిజర్వాయర్లలో ఇలాంటి చిన్న జిగ్‌నే బెండు కింద ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల లోతున వేలాడదీస్తారు. బాస్‌లు తినే షాడ్ చేపలు అడుగున కాక మధ్య నీటిలో నిలిచే చోట ఆ పద్ధతికి తిరుగులేదు. జెర్క్‌బెయిట్ (లాగి ఆపుతూ ఆడించే చేప ఆకారపు ఎర) వాడేవాళ్ళకు ఒక మాట. చల్లనీరు చిక్కన కాబట్టి వేసవిలో నిలకడగా ఆగిన ఎర ఇప్పుడు మెల్లగా పైకి తేలుతుంది. పొట్ట కింద సన్నటి సీసపు పట్టీ అంటించి, పడవ పక్కనే నీటిలో వదిలి చూసుకోవాలి. ఒక్కో లాగుకు మధ్య పది నుంచి ముప్పై సెకన్లు ఆపాలి, గడియారం చూసి ఆపినా తప్పులేదు.

పట్టు ఎలా తెలుస్తుందంటే, వేసవిలోలా ఠప్పున కొట్టదు. తడిగుడ్డ తగులుకున్నట్టు కాస్త బరువు తెలుస్తుంది, లేదా అడుగు తగలాల్సిన సమయానికి తగలదు. రెండింటిలో ఏది అనిపించినా చుట్టుతూ రాడ్‌ను నిదానంగా పైకెత్తండి. గట్టిగా గుంజితే బ్రెయిడ్‌కు (అల్లిన లైన్‌కు) సాగుడు లేదు కాబట్టి నోరు చీలుతుంది, లేదా ఎర దగ్గర కట్టే ఎనిమిది పౌండ్ల లీడర్ తెగుతుంది. లైన్‌ను లాగితే రీలు వదిలే బిగువు, అంటే డ్రాగ్, రెండు పౌండ్ల దగ్గర పెట్టుకుని గంటకోసారి చేత్తో లాగి చూడాలి. లోపలి గ్రీజు చలికి బిగుస్తుంది, తడిస్తే గడ్డే కడుతుంది. ముందు వైపు చూపే సోనార్ తెర మీద చేప కదలడం చూస్తూ ఎర ఆడించడం ఇప్పుడు మోజు. గుంపును వెతకడానికి అది గొప్ప సాధనమే. కానీ చేప ఎర దగ్గరికి వచ్చిందని తెరలో చూడగానే చెయ్యి ఆగదు, ఎరను కదిపేస్తాం. తెరను గైడ్‌కు వదిలేసి మీరు లైన్ చూడండి.

గాలి 32 డిగ్రీల కిందికి పోతే రాడ్ రింగుల్లో మంచు పేరుకుంటుంది. బ్రెయిడ్ నీటిని పీల్చి పైకి తెస్తుంది కాబట్టి ఆ రోజుల్లో మొత్తం ఫ్లోరోకార్బన్ (అల్లిక లేని ఒంటిపోగు లైన్) ఉన్న రీలే సుఖం. రింగులకు లిప్ బామ్ పూస్తే కాసేపు ఆగుతుంది. మంచు కట్టాక గోటితో గీకితే లోపలి పింగాణీ వలయం పగులుతుంది. రాడ్ కొనను సరస్సులో ముంచండి, నీరు గాలికంటే వెచ్చన కాబట్టి కరిగిపోతుంది.

బట్టల్లో పత్తి వద్దు. ఒంటికి ఉన్ని లేదా పాలిస్టర్, దాని మీద ఫ్లీస్, పైన గాలి చొరని బిబ్ (భుజపట్టీల ప్యాంటు), కోటు. బూటు బిగుతుగా ఉంటే రెండు జతల సాక్సులు వేసినా కాళ్ళు మరింత చల్లబడతాయి. 40 డిగ్రీల గాలిలో పడవ 50 మైళ్ళ వేగంతో పోతే ముఖానికి తగిలే చలి 26 డిగ్రీలతో సమానం, కాబట్టి కళ్ళద్దాలు, మెడకు గుడ్డ తప్పనిసరి. చేతి తొడుగులు మూడు జతలు తెచ్చుకోండి, రెండు ఎలాగూ తడుస్తాయి.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం లేదు. 50 డిగ్రీల లోపు నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి అందదు, పది నిమిషాల్లో చేతులు పనిచేయడం మానేస్తాయి, స్పృహ తప్పడానికి గంట దాకా పడుతుంది. అంటే ఈతగాడు కూడా చలికంటే ముందు మునకతోనే పోతాడు. గాలి నిండే రకం జాకెట్‌ను కోటు లోపల వేసుకోవద్దు, నిండినప్పుడు ఛాతీని నొక్కేస్తుంది. న్యూయార్క్‌లో 21 అడుగులలోపు విహార పడవల్లో నవంబర్ 1 నుంచి మే 1 దాకా అందరూ జాకెట్ తొడుక్కోవాలని చట్టం. పెన్సిల్వేనియాలో 16 అడుగులలోపు పడవలకు ఏప్రిల్ 30 దాకా ఇదే నియమం. 26 అడుగులలోపు పడవలకు ఇంజిన్ ఆపే తాడును నడిపేవాళ్ళు తగిలించుకోవడం 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ నియమం. మీ గైడ్ దాన్ని తగిలించుకోకుండా గేరు వేస్తే అడగడానికి వెనకాడొద్దు. ఈరీ లాంటి నీళ్ళలో జనాన్ని కిరాయికి తీసుకెళ్ళేవారికి కోస్ట్‌గార్డ్ కెప్టెన్ లైసెన్స్ ఉండాలి. సిక్స్-ప్యాక్ అని పిలిచే రకానికి ఆరుగురి దాకా అనుమతి.

మీ ఫిషింగ్ లైసెన్స్ మీరే తీసుకోవాలి. ఈరీలో సరిహద్దు నీటి మధ్యలోంచి పోతుంది, కెనడా వైపు గాలం వేయాలంటే ఒంటారియో లైసెన్స్ కావాలి. పెన్సిల్వేనియాలోని సస్కెహన్నా నదిలో సన్‌బరీ నుంచి హోల్ట్‌వుడ్ డ్యామ్ దాకా పట్టిన బాస్‌ను అప్పటికప్పుడు వదిలేయాలి. నియమం లేని చోట కూడా చలికాలపు గుంపు నుంచి చేపలు ఇంటికి తేవడం మంచిది కాదు. ఒక మడుగును ఊడ్చేస్తే మైళ్ళ పొడవు నదిలో వేసవి చేపలను తీసేసినట్టే.

వదలడానికీ పద్ధతి ఉంది. 30 అడుగుల కింది నుంచి వచ్చిన చేపకు ఈత సంచి ఉబ్బుతుంది. పొట్ట బిగుసుకుని, వెల్లకిలా తేలితే అదే గుర్తు. బరువు కట్టిన డిసెండర్ క్లిప్‌తో లోతుకు దించి వదలడం సులువైన దారి. సూదితో గాలి తీయడం చేయి తిరిగిన గైడ్‌కే వదిలేయాలి. లైవ్‌వెల్‌లో (పడవలోని నీటి తొట్టిలో) పెట్టి ఫొటో కోసం కాపాడటం అసలు వద్దు. గడ్డకట్టే గాలిలో మొప్పలు, కళ్ళు క్షణాల్లో దెబ్బతింటాయి కాబట్టి కెమెరా సిద్ధమయ్యేదాకా చేపను వలలో, నీటిలోనే ఉంచాలి. ఉన్ని తొడుగుతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. తొడుగు తీసి, చెయ్యి తడుపుకుని పట్టుకోవాలి. వరసగా నాలుగైదు చేపలు ఉబ్బి వస్తుంటే చోటు మార్చమని మీరే చెప్పండి, 25 అడుగుల్లో ఇంకో అంచు ఉండకపోదు.