ఎస్టీమ్ టర్బో పని: మానిఫోల్డ్ మొత్తానికి బోనెట్ కింద కూర్చుంది

మానిఫోల్డ్, అంటే నాలుగు సిలిండర్ల పొగనీ ఒకచోట చేర్చి టర్బోకి ఇచ్చే పైపుల గుత్తి, ఎక్కింది. హెడ్‌కి (ఇంజన్ పై భాగం) బిగించడం, టర్బో (పొగ తోపుకి తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేది) తగిలించడం, ఇంజన్ స్టార్ట్ చేసి కాక ఎక్కించి చల్లార్చి నట్లు మళ్ళీ చూసుకోవడం వరకూ అయింది. ఫ్యూయల్ పని ఇంకా ముట్టుకోలేదు కాబట్టి బూస్ట్ (టర్బో నెట్టే అదనపు గాలి ఒత్తిడి) రాకుండా వేస్ట్‌గేట్ (పొగని టర్బో చక్రానికి తగలకుండా పక్కకి వదిలే తలుపు) తెరిచి ఇనప తీగతో కట్టేసి ఉంచా. నాలాగ చిన్న బండికి టర్బో పెడదాం అనుకునేవాళ్ళకి పనికొస్తాదని కొలతలతో సహా రాస్తున్నా.

బండి మారుతి ఎస్టీమ్, ఎంపీఎఫ్ఐ (పెట్రోల్ ఇంజెక్షన్) మోడల్, 1298 సీసీ జీ13బీబీ ఇంజన్, 16 వాల్వులు, కంపెనీ లెక్కలో 85 హార్స్‌పవర్. టర్బో ఏమో స్విఫ్ట్ డీజిల్ 75 పీఎస్ ఇంజన్ మీద వచ్చే కేపీ35, గాజువాక ఆటోనగర్ స్క్రాప్ షాపులో షాఫ్ట్ ఆట (వదులు) చేత్తో కదిపి చూసుకుని తెచ్చుకున్నా. చిన్న టర్బో అంటారు, నిజమే, కానీ ఈ ఇంజన్ కంప్రెషన్‌తో నేను 0.4 బార్ దాటేది లేదు, పైగా పెద్దది తెస్తే పెట్టడానికి చోటేదీ. ఇంకోటి, డీజిల్ ఎగ్జాస్ట్ కన్నా పెట్రోల్ ఎగ్జాస్ట్ బాగా వేడి, ఈ టర్బైన్ (టర్బోలో పొగకి తిరిగే చక్రం) ఆ వేడికి చేసింది కాదు, నీళ్ళ కూలింగ్ కూడా లేదు. అందుకే ఎగ్జాస్ట్ టెంపరేచర్ చూసే ప్రోబ్‌కి మానిఫోల్డ్‌లో ముందే చోటు పెట్టించా, 850 డిగ్రీలు దాటితే కాలు తీసెయ్యడమే.

ఎస్టీమ్‌లో ఇంజన్ అడ్డంగా ఉంటాది, ఇన్‌టేక్ ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) వైపు, ఎగ్జాస్ట్ పోర్టులు నాలుగూ రేడియేటర్ వైపు. బోనెట్ ఎత్తి చూస్తే ఓస్, ముందే ఉంది కదా, సులువే అనిపిస్తాది, కానీ హెడ్ ముఖం నుంచి ఫ్యాన్ మోటార్ వరకూ ఉన్నది జానెడు చోటు, ఆ జానెట్లోనే రన్నర్లు (ఒక్కో పోర్టు నుంచి వచ్చే పైపులు), టర్బో, డౌన్‌పైపు (టర్బో నుంచి పొగని బయటకి తీసుకెళ్ళేది), ఆయిల్ లైన్లు, వాటితోపాటు స్పానర్ పట్టుకున్న నా చెయ్యి. ఏసీ పీకేస్తే కాస్త ఖాళీ వస్తాదని బావ అన్నాడు గానీ మే నెల విజయనగరంలో ఏసీ లేని కారుకి టర్బో ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

వీడియోల్లో చూపించే మానిఫోల్డులు అన్నీ రన్నర్లు సమానం పొడుగుతో మెలికలు తిరిగి భలే ఉంటాయి, వాటి లాభం వాటికుంది, కానీ 1.3 ఇంజన్ మీద 0.4 బార్ దగ్గర ఆ తేడా ఏపాటిది? నా బండిలో మానిఫోల్డ్ ఆకారం తేల్చింది ముందు ఆయిల్ డ్రైన్, తరవాత ఫ్యాన్, ఆ తరవాత 12 నంబర్ స్పానర్. గ్యాస్ ఎటు పోవాలన్నది మిగిలిన చోట్లో సర్దుకున్నాం. చివరికి తేలింది మామూలు లాగ్ టైపే, నాలుగు పోర్టుల నుంచీ పొట్టి బెండ్లు వచ్చి అడ్డంగా ఉన్న ఒక పైపులో కలుస్తాయి, దాని కింద టర్బో వేలాడుద్ది.

డ్రైన్ ఎందుకు ముందు అంటే, టర్బో బేరింగుల్లోకి ఆయిల్ పంపు ప్రెజర్‌తో వెళ్ళుద్ది గానీ బయటకి వచ్చేటప్పుడు తోసేవాడు ఎవడూ ఉండడు, నురగలాగ అయి తన బరువుకి తనే జారాలి. పైపు లావుగా ఉండాలి, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు, నిలువు నుంచి 35 డిగ్రీలకి మించి వాలకూడదు, సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కలిసేది ఆయిల్ లెవెల్‌కి పైన కలవాలి. ఇందులో ఒక్కటి తప్పినా ఆయిల్ టర్బోలోనే నిలబడి సీళ్ళు దాటి సైలెన్సర్ నుంచి నీలం పొగ, అప్పుడు అందరూ టర్బో పోయింది అంటారు. నేను డిప్‌స్టిక్ ఫుల్ మార్కు ఎత్తు కొలిచి సంప్ బయట సుద్దతో గీత గీసా, ఆ గీతకి 25 ఎంఎం పైన డ్రైన్ గొట్టం అతికే చోటు, అక్కడ నుంచి పైకి పైపు, ఆ పైన టర్బో. టర్బో ఎంత కిందకి దిగొచ్చు అన్నది అలాగ తేలిపోయింది. సంప్ విప్పి గొట్టం బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతకడం) చేయించా, పల్చటి రేకు కదా, ఆర్క్ వెల్డింగ్ పెడితే కన్నం పడిపోద్ది. లీకు చూడ్డానికి పాతకాలం పద్ధతి, అతుకు బయట సుద్ద పూసి లోపల కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచడం, ఇప్పుడు కిరోసిన్ ఎక్కడ దొరుకుద్ది, డీజిలే పోసాం. పొద్దున్నకి సుద్ద పొడిగానే ఉంది.

ఆయిల్ ఫీడ్ తేలిక. ప్రెజర్ స్విచ్ ఉన్న చోట టీ వేసి ఒకవైపు స్విచ్, ఇంకోవైపు స్టీలు అల్లిక ఉన్న గొట్టం. అక్కడ మర రకం 1/8 బీఎస్‌పీటీ, చూడ్డానికి ఇంకో రకం 1/8 ఎన్‌పీటీ కూడా అలాగే ఉంటాది, ఒక చుట్టో రెండు చుట్లో ఎక్కుద్ది కూడా, బలవంతంగా తిప్పితే బ్లాకులో మర పాడవుద్ది, కొనేటప్పుడే అడిగి తీసుకోండి.

ఫ్యాన్ విషయానికొస్తే కంపెనీ ఫ్యాన్ తీసేసి పల్చటి ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేసా, మోటార్ ఇంజన్ వైపుకి తక్కువ పొడుచుకొస్తాది, అక్కడ రెండు వేళ్ళ పైగా చోటు కలిసొచ్చింది. టర్బోని కూడా ఫ్యాన్ మోటార్‌కి ఎదురుగా రాకుండా పక్కకి జరిపా.

చోటు ఇలగ ఖాయమయ్యాక పీవీసీ పైపులతో నమూనా కట్టా. మూడు లాంతర్ల వైపు ఒక హార్డ్‌వేర్ షాపులో 40 ఎంఎం పీవీసీ పైపు, ఎల్బోలు కొని ముక్కలు కోసి గ్లూ గన్‌తో అతికించుకుంటూ పోవడమే. నేను వాడబోయే స్టెయిన్‌లెస్ బెండ్లు ఇంచింపావు సైజువి, వాటి బయట కొలత 42.2 ఎంఎం, పీవీసీది 40, ఆ రెండు ఎంఎం తేడా ప్రతి సందులోనూ లెక్కేసుకోవాలి. బెండ్లలో షార్ట్ రేడియస్, లాంగ్ రేడియస్ అని రెండు రకాలు దొరుకుతాయి, ఈ సైజులో మధ్య గీత రేడియస్ పొట్టిదానికి 32 ఎంఎం, పొడుగుదానికి 48. మామూలుగా లాంగే మంచిది గానీ హెడ్ నుంచి బయటకి వచ్చే మొదటి మలుపు షార్ట్ అయితే తప్ప ఫ్యాన్ తప్పించుకోలేదు.

ఇక స్పానర్. దీని గురించి ఎవడూ చెప్పడు, ఈ పనిలో సగం టైమ్ తినేది ఇదే. స్టడ్లు ఎం8, నట్టుకి 12 స్పానర్. నమూనా బండిలో పెట్టి ప్రతి నట్టు మీదా రింగు స్పానర్ వేసి చూసా, 12 మూలల రింగు అయితే 30 డిగ్రీలు తిరిగితే చాలు, తీసి మళ్ళీ వెయ్యొచ్చు, ఆ 30 కూడా తిరగని చోట నమూనా కోసి బెండు తిప్పడమే. పై వరస బాగానే ఉంది, కింద వరస నట్లు మాత్రం రన్నర్ల వెనకాల ఉండిపోయాయి, స్పానర్ తిరుగుద్ది కానీ నట్టుని స్టడ్ మీదకి తెచ్చి మొదటి చుట్టు పట్టించడానికి వేళ్ళు దూరవు. దానికి మార్గం ఏటంటే ఫ్లాంజ్‌లో (మానిఫోల్డ్‌లో హెడ్‌కి ఆనే మందపాటి పలక) కింద రంధ్రాలని గుండ్రంగా కాకుండా కిందకి తెరిచిన గాడిలాగ కోయించడం. ముందు గాస్కెట్ పెట్టి, కింద స్టడ్లకి నట్లూ వాషర్లూ వదులుగా ఎక్కించి ఉంచి, మానిఫోల్డ్‌ని పైనుంచి దించితే గాడి వాషర్ వెనక్కి జారి కూర్చుంటాది. పైన మాత్రం స్టడ్లు తీసేసి బోల్టులు వెయ్యాలి, లేకపోతే దించడం కుదరదు. చవకరకం 12 రింగు ఒకటి గ్యాస్‌తో కాల్చి మెడ వంచి, సగానికి కోసి పెట్టుకున్నా, అదిప్పుడు బండిలోనే ఉంటాది.

ఫ్లాంజ్ 12 ఎంఎం మైల్డ్ స్టీల్, కంపెనీ గాస్కెట్ చూసి డ్రాయింగ్ గీసి వైజాగ్‌లో లేజర్ కటింగ్ చేయించా. పైపులు 304 స్టెయిన్‌లెస్, షెడ్యూల్ 10, అంటే గోడ మందం 2.77 ఎంఎం. ఈ వేడికి 321 గ్రేడ్ ఇంకా మేలు, మన దగ్గర చిల్లరగా బెండ్లు దొరకవు. పల్చటి సైలెన్సర్ పైపుతో చేస్తే టర్బో బరువుకి చీలుద్ది, ఆ పని వద్దు.

వెల్డింగ్‌కి నెల్లిమర్ల వైపు ఒక బాబాయి దగ్గరకి వెళ్ళా, పైప్‌లైన్ కాంట్రాక్టుల్లో ఏళ్ళ తరబడి టిగ్ (ఆర్గాన్ గ్యాస్‌తో చేసే వెల్డింగ్) కొట్టిన మనిషి. పైడితల్లమ్మ పండగ రోజులు, సిరిమాను అయ్యేదాకా మనిషి దొరకలేదు, ఊళ్ళో ఎవరూ దొరకరు లెండి అప్పుడు. నమూనా చూసి ఆయన మొదటి మాట, "ఏటి బాబూ ఇది, నాలుగూ ఒకేపాలి నిలబెట్టేస్తే టార్చి ఎలగ దూరుద్ది, ముక్క ముక్క సేసి ఇమ్ము, లోపలివి ముందు కాల్సేత్తాను." అలాగే చేసాం, ఒక్కో బెండు ముందు ఫ్లాంజ్‌కి, ఆ తరవాత లాగ్ పైపు, ఆఖర్న టర్బో ఫ్లాంజ్. స్టెయిన్‌లెస్‌కి స్టెయిన్‌లెస్ అయితే 308ఎల్ రాడ్డు, మైల్డ్ స్టీల్ ఫ్లాంజ్‌కి అతికే చోట 309ఎల్. పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి, చివర్లు అల్యూమినియం టేపుతో మూసి సన్నటి గొట్టం పెట్టి వదిలాం. దండగ అని ఇది మానేసేవాళ్ళు ఉన్నారు, అప్పుడు అతుకు వెనకాల నల్లగా పెచ్చులు కట్టుద్ది, ఆ పెచ్చు ఊడితే నేరుగా వెళ్ళేది టర్బైన్ బ్లేళ్ళ మీదకే.

వేడికి ఫ్లాంజ్ వంగిపోకుండా పాడైన హెడ్ ఒకటి తెచ్చి దానికి బిగించి వెల్డింగ్ చేసాం, పూర్తిగా చల్లారేదాకా విప్పలేదు. అయినా స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే చివర్లలో అర ఎంఎం పైగా సందు వచ్చింది, వస్తాది కూడా, సర్ఫేస్ గ్రైండింగ్ చేయిస్తే 0.1 లోపలకి దిగింది. గ్రైండింగ్ అయ్యాక పోర్టుకీ పోర్టుకీ మధ్య ఫ్లాంజ్‌ని రంపంతో కోసేసా. ఎందుకంటే 300 ఎంఎం స్టెయిన్‌లెస్ పైపు 700 డిగ్రీలు వేడెక్కితే మూడున్నర ఎంఎం పైగా పొడుగు అవుద్ది, అల్యూమినియం హెడ్ నీళ్ళతో చల్లగా ఉంటాది కాబట్టి అది అర ఎంఎం కూడా సాగదు గట్టిగా. సాగేదాన్ని కదలనివ్వకపోతే అతుకుల దగ్గర చీలుద్ది లేదా స్టడ్లు తెగుతాయి. మధ్య రంధ్రాలు 8.5, చివరి రంధ్రాలు 10 ఎంఎం పెట్టించింది కూడా అందుకే. టర్బో బరువు మొత్తం మానిఫోల్డ్ మీద పడకుండా బ్లాకు నుంచి ఒక పట్టీ కూడా ఇచ్చా, దానికి కూడా రంధ్రం పొడుగ్గా.

బండిలో పెట్టాక అన్నిటికీ సందు ఉంది. కానీ ఇంజన్ రబ్బరు మౌంటుల మీద ఊగుద్ది కదా, ఆగి ఉన్నప్పుడు ఉన్న సందుని నమ్మకూడదు. మా గుంటడు ఆడుకునే మైనం తీసుకుని టర్బో మీదా లాగ్ పైపు మీదా ఫ్యాన్ ఎదురుగా ముద్దలు అంటించి, బావని కూర్చోబెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేక్ కూడా తొక్కించి, మొదటి గేరులో క్లచ్ మెల్లగా వదిలి ఇంజన్ దుంకనిచ్చాం, తరవాత రివర్స్‌లో. ముందు గేరులో ఇంజన్ తల ఫైర్‌వాల్ వైపు వాలుద్ది, రివర్స్‌లో రేడియేటర్ వైపు వస్తాది. లాగ్ పైపు మీద ముద్ద రివర్స్‌లోనే నలిగింది, మిగిలింది 9 ఎంఎం. అక్కడ మౌంటు పాతది, కొత్తది వేసాక మళ్ళీ చూస్తే 14 ఉంది, అది చాలు.

డౌన్‌పైపు రెండించీలు, సంప్ పక్క నుంచి వెనక్కి, మధ్యలో బెల్లోస్ (మడతలతో వంగే గొట్టం). లాంబ్డా సెన్సార్ (పొగలో ఆక్సిజన్ చూసేది) టర్బో తరవాతే పెట్టా, అడ్డం గీత నుంచి కనీసం 10 డిగ్రీలు పైకి చూస్తూ, లేదంటే చెమ్మ చేరి సెన్సార్ పగులుద్ది. మానిఫోల్డ్‌కి గుడ్డ చుట్టలేదు, చుడితే పైపు ఇంకా వేడెక్కి బేగి పోద్దని నా ఉద్దేశం, బదులు 10 ఎంఎం గాలి సందు వదిలి అల్యూమినియం రేకు అడ్డం పెట్టా. రేడియేటర్ పై గొట్టానికీ ఫ్యాన్ వైరుకీ ఫైబర్‌గ్లాస్ తొడుగు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఫ్యూయల్ పంపు రిలే తీసేసి ఇంజన్ ఊరికే తిప్పి, డ్రైన్ నుంచి ఆయిల్ వస్తోందని చూసాకే రిలే పెట్టా. పావుగంట ఐడిల్, కాస్త పొగ, రేకు మీద నూనె మరక కాలిన కంపు, అంతే. చల్లారాక మధ్య నుంచి చివరలకి వరసగా 23 న్యూటన్ మీటర్ చూస్తే మూడు నట్లు కొంచెం తిరిగాయి, రెండోసారి వేడి చేసాక ఏదీ కదల్లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సబ్బు నీళ్ళు పట్టించి సైలెన్సర్ వైపు నుంచి బ్లోయర్‌తో గాలి ఊది చూసా, పోర్టుల దగ్గర బుడగ రాలేదు, టర్బో ఫ్లాంజ్ దగ్గర చిన్నది వస్తే స్టీలు గాస్కెట్ మార్చా.

చట్టం సంగతి కూడా చెప్పేస్తా, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చినదానికి తేడాగా బండి మార్చి రోడ్డు మీద తిప్పకూడదు. అందుకే పాత మానిఫోల్డ్, పాత ఫ్యాన్ అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి, టర్బో ఉన్నంతకాలం బండి షెడ్డులోనే, ట్యూనింగ్‌కి ఓనర్‌ని అడిగి గేటున్న ఖాళీ లేఅవుట్‌లోకి ట్రాలీ మీద తీసుకెళ్ళడమే, భోగాపురం వైపు అలాంటివి బోలెడు.

మిగిలింది స్పీడువీనో బోర్డు (పెట్రోల్ ఎంత వెయ్యాలో చూసుకునే ఇంజన్ కంప్యూటర్) వైరింగ్, వైడ్‌బ్యాండ్ గేజ్ (గాలి, పెట్రోల్ పాళ్ళు చూపించేది), ఇంజెక్టర్లు. పల్చటి ఫ్యాన్ ఏసీ వేసి నిలబెట్టినప్పుడు సరిపోద్దా లేదా అన్నది కూడా చూడాలి, ఇప్పటికి నీళ్ళ టెంపరేచర్ 94 దగ్గర ఆగుతోంది గానీ ఇది చలికాలం.