పక్షవాతం వచ్చిన వారంలోనే ఫిట్స్

మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఉండగానే ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. మూతి వంకరపోయింది. మావాడు వెంటనే ఒంగోలు తీసుకెళ్లాడు. నాలుగున్నర గంటల లోపే చేరాం కాబట్టి స్కాన్ తీసి, మెదడు రక్తనాళంలో గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాటికి వేళ్లు కాస్త ముడవగలిగాను. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కముందే ఫిట్స్ వచ్చింది. మొదట్లో నాకు తెలివి ఉంది. ఎడమ బొటనవేలు దుప్పటి మీద దానంతటదే కొట్టుకోసాగింది. కుడిచేత్తో గట్టిగా అదిమినా ఆగలేదు. ఆ కుదుపు మణికట్టు దాటి మోచేతికి, అక్కణ్ణించి మూతికి ఎక్కింది. మా ఇంటావిడని పిలవబోతే నోరు తిరగలేదు. తర్వాత తెలియదు.

పక్క బెడ్ వాళ్లు చేతిలో తాళాలు పెట్టబోతే నర్సమ్మ ఆపి, నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టిందట. నోట్లో ఏమీ పెట్టనివ్వలేదట. చల్లని తల్లి.

తెలివొచ్చాక చూస్తే, అంతకుముందు ముడవగలిగిన ఆ వేళ్లు కూడా కదల్లేదు. మళ్లీ పక్షవాతం కొట్టిందని మా ఇంటావిడ గుండెలు బాదుకుంది. ఎమ్మారై తీస్తే కొత్త దెబ్బేమీ లేదు. రక్తం అందక దెబ్బతిన్న చోట మెదడు పైపొర చిరాకుపడి కరెంటు వదిలితే ఫిట్స్ వస్తుందనీ, అది తగ్గాక ఆ చెయ్యి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజు పైనే చచ్చుబడి ఉంటుందనీ డాక్టరుగారు చెప్పారు. దాన్ని టాడ్స్ పెరాలసిస్ అంటారట. అన్నట్టే మర్నాడు వేళ్లు కదిలాయి.

ఈ ముక్క ముందే చెప్పి ఉంటే మా ఇంటావిడకి ఆ రాత్రి అంత నరకం ఉండేది కాదు. పక్షవాతంతో చేరిన ప్రతి రోగి ఇంటివాళ్లకీ ఇది చెప్పి తీరాలి. ఈ ఫిట్స్ అందరికీ రాదు, నూటికి కొద్దిమందికే. మెదడులో రక్తస్రావమైన వాళ్లకి ఎక్కువ.

ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటమ్ మాత్రలు ఇచ్చారు. ఒకటే మగత, ఊరికే కోపం. పక్షవాతం కొట్టిన మొదటి వారంలో వచ్చిన ఫిట్స్‌ని మూర్ఛరోగం కింద లెక్కించరట. ఆ తర్వాత ఎప్పుడైనా వస్తే మాత్రం మందు ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చు. నాకు మళ్లీ రాలేదు. కొన్ని నెలలకి డాక్టరుగారే మెల్లగా తగ్గించి ఆపించారు. బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర మాత్రం మానకూడదన్నారు. బండి, బ్యారన్ పొయ్యి జోలికి కొన్నాళ్లు పోవద్దన్నారు. పోలేదు. ఇప్పుడు కర్రకి పొగాకు కడుతున్నాను, ఎడమచెయ్యి కాస్త నిదానం, అంతే.