రెండు నవంబర్లు, ఒకే ఓటర్ల జాబితా

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మిన్నెసోటా సరిహద్దును ఆనుకుని హొవార్డ్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడి ఒక ఆసుపత్రి ల్యాబులో నా ఉద్యోగం. 2020 జనగణన ప్రకారం కౌంటీ మొత్తం జనాభా 9,469. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు, పందుల పెంపకం షెడ్లు. హరిత విప్లవానికి దారి వేసిన నార్మన్ బోర్లాగ్ పుట్టి పెరిగింది ఈ నేల మీదే అని చెప్పాక, నల్గొండ జిల్లాలో వరి పండించే మా నాన్నకు నేనెక్కడ ఉంటున్నానో మనసుకు అందింది.

ఎన్నికల లెక్కలు చూసేవాళ్లకు ఈ కౌంటీ మరో కారణంగా తెలుసు. 2012 అధ్యక్ష ఎన్నికల్లో ఇక్కడ డెమోక్రాట్ ఒబామా 20 శాతానికి పైగా ఆధిక్యంతో గెలిచారు. 2016లో రిపబ్లికన్ ట్రంప్ కూడా 20 శాతానికి పైగా ఆధిక్యంతోనే గెలిచారు. ఇలా అటూ ఇటూ ఇంత పెద్ద తేడాతో మొగ్గిన కౌంటీ దేశం మొత్తం మీద ఇదొక్కటే. ఆ తర్వాత 2020లోనూ, 2024లోనూ ట్రంప్‌కే ఓటు వేసింది. ఎందుకిలా అని బయటివాళ్లు నన్నూ అడుగుతుంటారు. పొరుగువారి మనసులోని మాటను నా ఊహతో చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

పౌరసత్వం వచ్చాక ఓటరుగా నమోదయ్యాను. పోలింగ్ కేంద్రంలో పనిచేయడానికి మనుషులు కావాలని తెలిసి, 2024 వేసవిలో కౌంటీ ఆడిటర్ కార్యాలయానికి వెళ్లాను. ఇక్కడ ఎన్నికలు నడిపించేది ఆ కార్యాలయమే. దరఖాస్తులో పేరు, చిరునామాతో పాటు పార్టీ కూడా అడిగారు. నా చెయ్యి ఆగిపోయింది. మా ఊళ్లో ప్రభుత్వ ఉద్యోగిని ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే గొడవే. ఇక్కడ అది అడగడానికి కారణం వేరు: పోలింగ్ సిబ్బందిలో ఒకే పార్టీవాళ్లు నిండిపోకుండా చట్టమే చూసుకుంటుంది. ఏ పార్టీ లేదని రాశాను, తీసుకున్నారు.

ఒక పూట శిక్షణ ఇచ్చారు. గుర్తింపు కార్డు లేకుండా వచ్చిన ఓటరును ఏం చేయాలన్న దాని మీదే ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. అదే ప్రిసింక్టుకు, అంటే అదే పోలింగ్ కేంద్రం పరిధికి చెందిన మరో ఓటరు ‘ఈ మనిషి నాకు తెలుసు’ అని ప్రమాణం చేసి సంతకం పెడితే చాలు. అందరూ అందరికీ తెలిసిన చోట ఈ నియమం ఎంత విలువైనదో తర్వాత నా కళ్లతో చూశాను.

2024 నవంబర్ 5న చీకటితోనే వెళ్లి ప్రమాణం చేశాం. ఏడు గంటలకు తలుపులు తీసేసరికి బయట వరుస కట్టి ఉన్నారు. వేలికి సిరా పూయడం, ఈవీఎం మీట నొక్కడం ఇక్కడ లేవు. కాగితం మీద అభ్యర్థి పేరు పక్కన గుండ్రటి గడిని పెన్నుతో నింపి, ఆ కాగితాన్ని స్కానర్‌లో పెట్టడమే. మధ్యాహ్నం ఒక పెద్దాయన కారు దిగలేక బయటే ఆగిపోయారు. రిపబ్లికన్ ఒకరు, డెమోక్రాట్ ఒకరు కలిసి బ్యాలట్ పట్టుకుని ఆయన కారు దగ్గరకు నడిచి వెళ్లారు. మన దగ్గర పార్టీల ఏజెంట్లు ఒకరినొకరు కాపలా కాయడం చూస్తూ పెరిగిన నాకు, ఆ ఇద్దరూ పక్కపక్కనే తిరిగి రావడం ఇంకా కళ్లలో ఉంది. సాయంత్రం కోత యంత్రాలు దిగి, బట్టల మీద మొక్కజొన్న దుమ్ముతోనే వచ్చారు రైతులు. రాత్రి ఎనిమిది దాకా ఊపిరి సలపలేదు.

సరిగ్గా ఏడాదికి, 2025 నవంబర్ 4న, మళ్లీ అదే బల్ల ముందు కూర్చున్నాను. ఈసారి నగర కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికలు. అయోవాలో 2019 నుంచి ఈ రెండూ కలిపి బేసి సంవత్సరాల్లో జరుపుతున్నారు. జాబితాలో దాదాపు అవే పేర్లు. ఆ పేర్లున్న మనుషులు మాత్రం రాలేదు. ఒకరు వచ్చి వెళ్లాక తలుపు చాలాసేపు తెరుచుకోలేదు. పది గంటల వేళ మేం నలుగురం గోడ గడియారం చప్పుడు వింటూ కూర్చున్నాం.

నాకు దుఃఖం వచ్చింది, దాచుకోను. మా ఊళ్లో సర్పంచ్ ఎన్నికంటే హైదరాబాద్‌లో కూలి పనులకు వెళ్లినవాళ్లు కూడా రాత్రి బస్సెక్కి వస్తారు. నాయనమ్మను ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లేవాళ్లం. 2019లో తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో పోలింగ్ 80 శాతం దాటింది. దగ్గరివాడి చేతిలోనే మన నీళ్లూ, వీధి దీపమూ ఉంటాయని మా ఊరికి ఎవరూ చెప్పనక్కర లేదు. ఇక్కడ కూడా అధ్యక్షుడెవరైనా ఈ పిల్లల బడిని నడిపేది స్కూల్ బోర్డే. బడి భవనానికి అప్పు తెచ్చుకోవాలంటే ఓటేసినవారిలో 60 శాతం మంది ఒప్పుకోవాలి. వందమంది వచ్చిన రోజున నలభై ఒక్కమంది కాదంటే ఆ భవనం లేదు.

సరిగా నిద్రపోనివ్వని ఉద్యోగాలు, కోతల హడావిడి, పోటీ లేని అభ్యర్థిత్వాలు, ఇలా కారణాలు ఎన్నో ఉండవచ్చు. పోటీ లేనప్పుడు ఎవరు వస్తారని నా పక్కన కూర్చున్న ఆవిడ అన్నారు. ఆ మాటను నేను కొట్టిపారేయలేను. అయినా ఒప్పుకోలేను.

మర్నాడు ల్యాబులో నా సహోద్యోగి నా కళ్ల కింది నలుపు చూసి ఏమైందని అడిగింది. ఎన్నికల పనిలో ఉన్నానన్నాను.

“నిన్న ఎన్నికలున్నాయా?” అంది.

ఆమె పిల్లలిద్దరూ మా బడిలోనే చదువుతున్నారు. బోర్డులో ఎవరు గెలిచారో, ఏయే విషయాలు వాళ్ల చేతిలో ఉంటాయో చెప్పాను. టెస్టు గొట్టాలు సర్దుతూనే అంతా విన్నది. మళ్లీ ఎప్పుడని అడిగింది. రక్తపరీక్ష చీటీ వెనుక ‘2027 నవంబర్ 2’ అని రాసి ఇచ్చాను. తన అల్మరా తలుపు లోపలివైపు అతికించుకుంది.