సున్నా వేసిన రోజులు

జూన్ 12న ఒంగోలులో కొత్తపట్నం బస్సు ఎక్కి కూర్చున్నా నాకింకా పడవలో ఉన్నట్టే ఉంది. రెండున్నర నెలలు నీళ్ల మీద గడిపి వచ్చాను మరి. పల్లెపాలెంలో వేట విరామం ముగియడానికి ఇంకా రెండు రోజులుంది. వలలు బాగుచేసుకుంటున్నారు, పడవలకు రంగులేస్తున్నారు. మన బడి ఆ రోజే తెరిచారు.

మన బడి సంచికకు రాయమనగానే నాకు గుర్తొచ్చింది కుళాయి పక్కన సిమెంటు దిమ్మె మీద సైన్సు మాస్టారు పెట్టిన వర్షమాపకం. నేను తొమ్మిదిలో ఉండగా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు దాన్ని చూసి రాయడం నా వంతు. ఏప్రిల్లో ఎన్నాళ్లని సున్నా రాస్తాం? నాలుగు రోజులు ఖాళీగా వదిలేశాను. మాస్టారు పుస్తకం తెరిచి, "ఈ ఖాళీకి అర్థమేంటమ్మా? వాన పడలేదనా, నువ్వు చూడలేదనా?" అన్నారు. కోప్పడలేదు. ఆ నాలుగు గళ్లలో ఎర్ర సిరాతో ఆయనే 'చూడలేదు' అని రాశారు.

ఈ వేసవిలో నేను పడవ మీద తిరుగుతూ తిమింగలాల లెక్క రాసే పని చేసింది శ్రీలంకలోని ట్రింకోమలీ దగ్గర. అదీ మన బంగాళాఖాతమే. కాకపోతే అక్కడ ఒడ్డుకు దగ్గర్లోనే సముద్రం అడుగున లోతైన లోయ ఉంది. అందుకే నీలి తిమింగలాలు, స్పెర్మ్ తిమింగలాలు తీరానికి అంత చేరువగా కనబడతాయి. అరగంటకోసారి గాలి, అలలు, చూపు ఆనే దూరం రాయాలి. తిమింగలం లేకపోతే సున్నా. ఒకసారి వరసగా ఆరు రోజులు సున్నాలే. పది కనబడ్డాయంటే చాలదు, పది గంటలు వెతికితేనా, వంద గంటలు వెతికితేనా అన్నది తేలాలి. ఆ సున్నాలు లేకపోతే అది తేలదు.

ఏడో రోజు నీళ్లలోకి దించిన హైడ్రోఫోన్లో, అంటే నీటి లోపలి చప్పుళ్లు వినిపించే మైకులో, టక్, టక్, టక్ మని మొదలైంది. స్పెర్మ్ తిమింగలం చీకటి లోతుల్లో ఆ చప్పుడు చేసి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఆహారం వెతుక్కుంటుంది. ముప్పావుగంట విన్నాం. ఉన్నట్టుండి ఆగిపోయింది. పైకి వస్తోందన్నమాట! అందరం లేచి నిలబడ్డాం. కాసేపటికి ఎడమకు వాలిన ఊపిరి ఆవిరి లేచింది. దాని ముక్కు రంధ్రం తల ముందు భాగంలో ఎడమ పక్కన ఉంటుంది, అందుకే ఆ వాలు. ఒళ్లంతా ఎండు ఖర్జూరంలా ముడతలు. పది నిమిషాలు ఊపిరి పీల్చుకుని, తోక పైకెత్తి మునిగింది. తోక అంచున ఉన్న గంట్లను బట్టే ఒక్కోదాన్ని గుర్తుపడతాం. ఫోటో తీశాక చూసుకుంటే నా కళ్ల నిండా నీళ్లు.

1979లో హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించి వ్యాపార వేట ఆపారు. కానీ ఇప్పుడు శ్రీలంక దక్షిణ కొన దగ్గర నీలి తిమింగలాలు ఓడలు గుద్దుకుని చనిపోతున్నాయి. మన కృష్ణపట్నం రేవు నుంచి పడమటి దేశాలకు వెళ్లే ఓడలకూ అదే దారి. ఆ ఓడల్ని ఎంత దూరం జరపాలో చెప్పాలన్నా, తిమింగలాలు ఎక్కడ ఉన్నాయో, ఎక్కడ లేవో చూసి రాసిన లెక్కే కావాలి.

బడికెళ్లి చూస్తే దిమ్మె ఉంది, వర్షమాపకం లేదు. మర్నాడు ఒంగోలు వెళ్లి కొత్తది తెచ్చిచ్చాను. హెడ్‌మాస్టరు గారు ఎనిమిదో తరగతికి అప్పగించారు. మొదటి గడిలో ఒక పాప సున్నా వేసి, దాని పక్కనే '8.30కి చూశాను' అని రాసింది.