ప్రభ దారిలో కరెంటు తీగ

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు మా వైపు. ఆ రోజు పొలిమేర దాటరు. మినుము కొరకాలి కాబట్టి గారెలు వండుకుని ఇంటిపట్టునే ఉంటారు. సరిగ్గా ఆ రోజే 11 ఊళ్ల శివుళ్లు ఊరు దాటి జగ్గన్నతోటకి బయల్దేరతారు. వాళ్ల కంటే ముందు మేం బయల్దేరాలి. నేను కోనసీమలో అంబాజీపేట వైపు లైన్‌మన్‌ని. జగ్గన్నతోట ప్రభల తీర్థం గురించి పేపర్లలో, టీవీల్లో ఏటా వస్తుంది గానీ, స్తంభం మీంచి చూసినవాడు రాసింది నా కంట పడలేదు. అందుకే రాస్తున్నాను.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. జగ్గన్నతోటంటే మొసలపల్లి దగ్గర కొబ్బరితోట. అక్కడ గుడి లేదు. మొసలపల్లి భోగేశ్వరుడు ఇంటివాడి లెక్క, అందరికంటే ముందొచ్చి అందర్నీ సాగనంపాకే కదులుతాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పెదపూడి, పుల్లేటికుర్రు, ఇలా ఒక్కో ఊరి స్వామీ జనం భుజాన మోసే ఒక్కో ప్రభ మీద వస్తాడు. వ్యాఘ్రేశ్వరం ప్రభ తోటలోకి రాగానే అప్పటికే దించి ఉన్న ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి లేపుతారు. పెద్దాయన గుమ్మంలోకి వస్తే ఇంట్లోవాళ్లంతా లేచి నిలబడ్డట్టు ఉంటుంది. ఆ ఒక్క నిమిషం కోసమే దూరాభారం నుంచి వచ్చేవాళ్లున్నారు, నిజంగా రావాల్సిందే.

ప్రభంటే వెదురు బొంగుల్ని అర్ధచంద్రంలా వంచి కట్టింది. దాని మీద కొత్త బట్టలు, జేగంటలు, నెమలి పింఛాలు, వరి కంకులు, పూలదండలు. చక్రాలుండవు. భుజాల మీదే మోస్తారు. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలవ దాటాలి. మోసేవాళ్లు నీళ్లలోకి దిగి, ప్రభ తూలకుండా, అడుగు తడబడకుండా అవతలి గట్టెక్కిస్తారు. గట్టు మీద జనం ‘శరభ శరభ’ అని అరుస్తుంటే ఆ ఊపులోనే ఎక్కేస్తుంది. 2023 జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. టీవీలో చూసి చాలా సంతోషించాను. కాకపోతే ఆ నున్నటి రోడ్డుకి అడ్డంగా ఒక్క తీగ లేదు, ఒక్క కాలవ లేదు, ఒక్క వరిచేను లేదు. మా దగ్గర తీర్థమంటే సగం ఆ దారే.

ఇక తీగల సంగతి. ఊళ్లో వేసే మామూలు స్తంభం 8 మీటర్లు, 11 కేవీ లైనుదైతే 9.1 మీటర్లు. అందులో మీటరున్నర దాకా భూమిలోకే పోతుంది. ఆ మిగిలిన ఎత్తులో పెద్ద ప్రభ పట్టదు. కాబట్టి ప్రభ వచ్చే వేళకి మేం ముందుగా సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ (లైన్ క్లియర్, ఆ లైనుకి కరెంటు ఆపే అనుమతి) తీసుకుంటాం. స్విచ్ దించి తాళం వేస్తాం. లైను చచ్చిందని తెలిసినా తీగని భూమికి కలిపే ఎర్త్ రాడ్డు తగిలించనిదే ఎవడూ చెయ్యి పెట్టడు. తర్వాత స్తంభం ఎక్కి, పింగాణీ కప్పుకి చుట్టిన బైండింగు విప్పి, తాడేసి తీగని మెల్లిగా నేలకి దించుతాం. దాని మీంచి ప్రభ దాటిపోతుంది. మళ్లీ ఎక్కడం, లాగడం, కట్టడం. ఈలోగా వెనక ఇంకో ప్రభ వస్తోందని కబురొస్తుంది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మళ్లీ ఇదంతా మొదలు. మామూలు రోజుల్లో పది నిమిషాలు కరెంటు పోతే ఫోన్లు మోగిపోతాయి. ఆ పూట మాత్రం ఇంటినిండా కూతుళ్లూ అల్లుళ్లూ ఉన్నా ఒక్కరూ విసుక్కోరు.

మాలాగే రైతులూ దారిస్తారు. అప్పటికి దాళ్వా, అంటే రెండో పంట, ఊడ్పులు అయ్యో, అవుతూనో ఉంటాయి. ప్రభ ఆ చేలో పడే వెళ్తుంది. ఒక కౌలు రైతు గట్టు మీద నిలబడి చూస్తుంటే, నష్టం కదండీ అన్నాను. ‘‘నష్టమేటండీ, సామి నడిచిన చేను. తొక్కిన కాడ రెండు కట్టలు నారు తెచ్చి మళ్లీ ఊడ్సుకుంటాను. బోదె గట్టు తెగింది సూడండి, అదే రేపు పొద్దున్నే ఏసుకోవాలి’’ అన్నాడు. భూమి ఆయనది కాదు, పంట మాత్రమే ఆయనది. అయినా ఆ మాటన్నాడు.

నన్ను భయపెట్టేది ఒకటుంది. ఏటేటా ప్రభ దారి ఇరుకైపోతోంది. నిన్నటి చేను ఇవాళ లేఅవుటు, దానికో ప్రహరీ గోడ, దానికో కొత్త లైను. చేనైతే దారిస్తుంది, గోడ ఇవ్వదు. కొత్త తీగ ఎక్కడ అడ్డమొస్తుందో అప్పటికప్పుడు తెలిసి, మేం పరిగెత్తుకెళ్లేలోపు కుర్రాళ్లు వెదురు గెడతో తీగని పైకెత్తబోతారు. తమ్ముళ్లూ, మీకు దణ్ణం పెడతాను, ఆ పని చెయ్యకండి. పచ్చి వెదురు, అందులోనూ కాలవ నీళ్లలో తడిసింది, కరెంటుని చక్కగా లాక్కుంటుంది. ప్రభ పావుగంట ఆగితే తీర్థానికి లోటేం రాదు.

ప్రభ అడ్డంగా దాటే చోట్ల తీగని భూమిలోంచి కేబులుగా వెయ్యొచ్చు, వీలుకాని చోట స్తంభమే పక్కకి జరపొచ్చు. చెయ్యలేని పని కాదు. కానీ ప్రభ దారి ఏ కాగితం మీదా లేకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడది పెద్దవాళ్ల నోట్లో మాత్రమే ఉంది, ఫలానా చింతచెట్టు దగ్గర కుడికి తిరగాలని. ఆ చెట్లలో కొన్ని పోయాయి కూడా. 2022లో కోనసీమ జిల్లా వచ్చాక కలెక్టరేటు అమలాపురంలోనే ఉంది, అర్జీ ఇవ్వడానికి కాకినాడ దాకా పోనక్కర్లేదు. ఈసారి గ్రామసభలో మీ ఊరి ప్రభ దారిని, గుడి దగ్గర్నుంచి తోట దాకా, సర్వే నంబర్లతో సహా తీర్మానంలో రాయించండి. ఒక కాపీ పంచాయతీలో, ఒక కాపీ మా సెక్షన్ ఆఫీసులో ఉండాలి. కొత్త స్తంభానికి గుంట తవ్వే ముందు ఆ కాగితం చూసి, నాలుగడుగులు అవతల తవ్వుకుంటాం.