శ్రావణంలో పెళ్లి, ఆషాఢమంతా ప్రాక్టీస్

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి పెళ్లి శ్రావణంలో. వాళ్లది మదనపల్లె. పెళ్లి మాత్రం ఇక్కడే బెంగళూరులో, మల్లేశ్వరం వైపు ఒక చిన్న కళ్యాణ మండపంలో. నూట యాభై మందికి మించరు. వీడియోకు వాళ్ల బంధువుల అబ్బాయి ఉన్నాడు. ఫోటోలు మాత్రం "నువ్వే తియ్యాలి అక్కా" అని పట్టుబట్టింది. లాల్‌బాగ్‌లో నేను తీసిన పక్షులు, కె.ఆర్. మార్కెట్ పూలబుట్టలు చూసి తనకు నమ్మకం కుదిరింది. కానీ పక్షి ఎగిరిపోతే ఇంకోటి వస్తుంది, జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టరు. అందుకే ఒప్పుకునే ముందు రెండు అడిగాను: మండపం ముందే చూపించాలి, పురోహితుడితో మాట్లాడించాలి. రెండూ కుదిరాయి. మొదటి పెళ్లి తీయబోయే ఇంకెవరికైనా పనికొస్తుందని ఇప్పటిదాకా జరిగింది రాసి పెడుతున్నాను.

జ్యేష్ఠం చివర: సామాను

నా దగ్గరున్నది నికాన్ డీ7500, దానితో వచ్చిన 18–140 లెన్స్, విడిగా కొన్న 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే లోపలికి వెలుతురు ఎక్కువ వస్తుంది). తక్కువ వెలుతురులో కూడా నమ్మదగిన కెమెరా. అయితే దానికి కార్డు స్లాటు ఒక్కటే. ఆ కార్డు పాడైతే పెళ్లే పోయినట్టు. అందుకని డీ750 అద్దెకు తీసుకుంటున్నాను. 2014లో వచ్చిన పాత మోడలే, కానీ ఫుల్ ఫ్రేమ్ (సెన్సర్ నా దానికన్నా పెద్దది), రెండు ఎస్‌డీ స్లాట్లు ఉన్నాయి, ప్రతి ఫోటోనూ రెండు కార్డుల్లోనూ రాసేలా పెట్టుకోవచ్చు. మౌంటు, అంటే లెన్స్ బిగించే చోటు, ఒకటే, బ్యాటరీ కూడా ఒకే రకం. దానికి 24–70 ఎఫ్/2.8, నా కెమెరాకు 85 ఎఫ్/1.8. డీ7500 మీద 85 వేస్తే దాదాపు 127 ఎంఎం లెన్సులా పనిచేస్తుంది, వేదిక కింద నుంచి కూడా ముఖాలు దగ్గరగా వస్తాయి. 70–200 తీసుకోమని చాలామంది చెప్పారు. కిలోన్నర బరువు ఉదయం నుంచి సాయంత్రం దాకా మోయాలి, హాలు చూస్తే చిన్నది. వద్దనుకున్నాను.

అద్దె షాపులో డిపాజిట్, ఆధార్ కాపీ అడుగుతారు. సామాను తీసుకునేటప్పుడు అక్కడే నిలబడి చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. తెల్లగోడను ఎఫ్/16 దగ్గర తీసి సెన్సర్ మీద మచ్చలున్నాయేమో చూడాలి. రెండు స్లాట్లలోనూ కార్డు పెట్టి, రెండింటిలోనూ ఫోటో పడుతోందో లేదో చూడాలి. పాత గీతలను ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోవాలి, తిరిగి ఇచ్చేటప్పుడు పేచీ రాదు.

కార్డుల విషయంలో నాకు ఒకటే పట్టుదల. 128 జీబీది ఒకటి కాకుండా 64 జీబీవి ఎక్కువ కొన్నాను. డీ7500లో ఒక్కో రా ఫైలు (కెమెరా జేపెగ్‌గా మార్చని ముడి ఫోటో) సుమారు 25 ఎంబీ. ఒక కార్డులో రెండు వేల ఫోటోల దాకా పడతాయి. నిండే దాకా ఆగకుండా ప్రతి పెద్ద ఘట్టం అవగానే కార్డు మారుస్తాను. తీసిన కార్డు కెమెరా బ్యాగులోకి కాదు, నా ఒంటి మీదున్న జేబులోకి వెళుతుంది.

ఇంకో చిన్న పని, దీన్ని చాలామంది పట్టించుకోరు: రెండు కెమెరాల గడియారాలూ సెకన్లతో సహా కలపడం. తర్వాత ఫోటోలన్నీ ఒకచోట పోసి సమయం ప్రకారం పేర్చినప్పుడు తలంబ్రాల ఫోటోలు కన్యాదానం మధ్యలోకి దూరకుండా ఉండాలంటే ఇదొక్కటే మార్గం.

ఆషాఢం మొదట్లో: ఖాళీ మండపం

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి మండపం ఖాళీ. పెళ్లికూతురి బాబాయి మేనేజరుతో మాట్లాడి పెట్టారు, ఒక పూట లైట్లన్నీ వేసి వదిలేశారు.

మొదట చూసింది ఎల్‌ఈడీ లైట్ల మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు ప్రకాశం పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ 1/250 సెకను దగ్గర పెట్టి వరసగా పది ఫోటోలు తీస్తే కొన్ని వెలుగ్గా, కొన్ని మసగ్గా, కొన్నింటిలో అడ్డంగా నల్లటి పట్టీలతో వచ్చాయి. 1/100కి దించితే అన్నీ ఒకేలా వచ్చాయి. డీ7500లో ఫ్లికర్ రిడక్షన్ ఉంది, అది వెలుగు ఎక్కువగా ఉన్న క్షణం చూసి షట్టర్ వదులుతుంది. అది ఆన్ చేస్తే 1/200 కూడా బాగానే పనిచేసింది, వరసగా తీసే వేగం కాస్త తగ్గుతుంది అంతే. డీ750లో ఫోటోలకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి చేతులు కదిలే ఘట్టాలకు డీ7500, నిలకడగా ఉండేవాటికి డీ750 1/100 దగ్గర.

రెండోది కప్పు. రెండంతస్తుల ఎత్తు, పైగా ముదురు గోధుమరంగు చెక్క. ఫ్లాష్ పైకి తిప్పి కొడితే వెలుగు తిరిగి రాదు. అందుకని నా గోడాక్స్ ఫ్లాష్ పెళ్లికూతురి గదికే పరిమితం. అక్కడ తెల్లగోడ ఉంది, గోడ వైపు తిప్పి కొడితే ముఖం మీద వెలుగు మెత్తగా పడుతోంది. వేదిక మీద ఎఫ్/2.8, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 చుట్టూ ఉంటే సరిపోతోంది. ఫోటోలో కొంచెం గింజ (ఇసుక చల్లినట్టు చుక్కలు) కనిపిస్తుంది. పంతులుగారి కళ్లలో మాటిమాటికీ ఫ్లాష్ కొట్టడం కన్నా ఆ గింజే నాకు ఇష్టం.

డెకరేషన్ అతను ఊదా, గులాబీ రంగు లైట్లు చూపించాడు. పెళ్లికూతురి ముఖానికి పసుపు రాసి, మీద ఊదా లైటు వేస్తే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిచేయలేదు. ఇక్కడ నేను గట్టిగానే అడిగాను: ముహూర్తానికి అరగంట ముందు నుంచి తలంబ్రాలు అయ్యేదాకా తెల్ల లైట్లే ఉండాలి, రంగులు రిసెప్షన్‌కు వేసుకోండి అని. ఒప్పుకున్నాడు. ఈ తయారీ మొత్తంలో ఫోటోలకు ఎక్కువ మేలు చేసేది ఈ ఒక్క మాటే అనుకుంటున్నాను. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఆ ఊదా రంగు పోదు.

ఆషాఢం మధ్యలో: పంతులుగారితో

కెమెరా సెట్టింగులు ఎక్కడైనా నేర్చుకోవచ్చు. ఎవరి చేయి ఎప్పుడు ఎక్కడికి వెళుతుందో పంతులుగారే చెప్పాలి. ఆయన ఫోన్లో ఓపిగ్గా వరస మొత్తం చెప్పారు: ఎదురుకోలు, గౌరీపూజ, మేనమామలు గంపలో పెళ్లికూతుర్ని తేవడం, కాళ్లు కడగడం, కన్యాదానం, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, హోమం, సప్తపది, సన్నికల్లు తొక్కడం, అరుంధతి, అప్పగింతలు. "అమ్మా, అసలు ముహూర్తం జీలకర్ర బెల్లానిదే. అందరూ తాళి దగ్గరే కెమెరాలు పట్టుకుని ఎగబడతారు" అన్నారు. నాకూ అదే ముఖ్యమనిపించింది.

అక్కడ ఇబ్బంది అడ్డుతెర. తెరకు అటు అబ్బాయి, ఇటు అమ్మాయి, ఒకరి నెత్తిన ఒకరి చెయ్యి. ఏ ఒక్క వైపు నిలబడినా రెండోవాళ్లు కనిపించరు. తెర చివర నిలబడితే ఇద్దరూ పక్కనుంచి కనిపిస్తారు, కానీ తెర పట్టుకున్న మనిషి నిలబడేదీ అక్కడే. పంతులుగారే దారి చెప్పారు: హాలు వైపు అంచు పట్టుకునే వ్యక్తిని అబ్బాయి వెనక్కి ఒక అడుగు జరపొచ్చు, తెర ఏమీ జారదు. ఆ అంచు పట్టుకునేది అమ్మాయి పెదనాన్న కొడుకు. అతనితో ముందే మాట్లాడేశాను.

చేతులు పెట్టగానే గట్టిమేళం. వెంటనే తెర దించుతారు, ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటారు. రెండు ఫోటోల మధ్య లెన్స్ మార్చే సమయం ఉండదు. అందుకే రెండు కెమెరాలూ భుజాల మీదే ఉండాలి: 24–70తో చేతులు, వెంటనే 85తో కళ్లు. అప్పుడే జనమంతా లేచి అక్షింతలు వేస్తారు. ఎగిరే బియ్యం మీదికి ఫోకస్ పోకుండా ఒకే పాయింటు పెట్టి అమ్మాయి కన్ను మీద ఉంచాలి. ఫోన్లు పట్టుకున్నవాళ్లు గోడలా ముందుకొచ్చేది కూడా అప్పుడే. నేను అంతకు ముందే వేదిక మీద, మోకాళ్ల మీద కూర్చుని ఉంటాను. నా వెనకున్న పెద్దవాళ్లకు కూడా కనిపించాలి కదా.

మాంగల్యానికి సంకేతం చెవికే అందుతుంది. "మాంగల్యం తంతునానేన" మొదలవగానే అమ్మాయి వెనకకు, ఒక పక్కగా చేరాలి. ఆడపడుచు జడ పైకెత్తుతుంది, మూడు ముళ్లూ అక్కడి నుంచే కనిపిస్తాయి. ఎదురుగా ఉంటే అబ్బాయి మోచేతులు తప్ప ఏమీ రావు. ఎదురు నుంచి ముఖాలు వీడియో అబ్బాయి చూసుకుంటాడు. మేమిద్దరం కాగితం మీద బొమ్మ వేసుకుని ఎవరి చోటు వాళ్లం పంచుకున్నాం.

సన్నికల్లు దగ్గర కెమెరా నేలకు ఆనించాలి. ముహూర్తం పొద్దున 9 దాటాక కాబట్టి అరుంధతిని పగలే చూపిస్తారు. ఆకాశంలో ఏమీ కనిపించదు, పంతులుగారి వేలు, పైకి చూసే రెండు ముఖాలు కింద నుంచి తీస్తే చాలు.

ఆషాఢం చివర: గదిలో రిహార్సల్

నా రూమ్మేట్లు ఇద్దరూ దుప్పటి అడ్డంగా కట్టి పెళ్లికొడుకూ పెళ్లికూతురూ అయ్యారు. పసుపు కలిపిన బియ్యంతో తలంబ్రాలు పోసుకున్నారు. 1/125 దగ్గర బియ్యం గీతల్లా వచ్చింది, 1/500 దగ్గర గింజ గింజా విడిగా నిలిచింది. నాకు రెండూ కావాలి: మొదటి దోసిలికి వేగంగా, నవ్వులు మొదలయ్యాక నెమ్మదిగా.

రంగుల పరీక్ష కూడా ఇక్కడే చేశాను. మధుపర్కాల తెలుపు ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని బూడిదరంగు చేస్తుంది, కొంచెం ఎక్స్‌పోజర్ పెంచాలి. ఎర్ర పట్టుచీర, కుంకుమ దగ్గర దీనికి వ్యతిరేకం. మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) బాగానే ఉందంటుంది, ఎరుపు ఛానల్ మాత్రం అప్పటికే కుడి అంచుకు తగిలి ఉంటుంది, నేత అంతా పోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (మూడు రంగులను విడిగా చూపేది) ఆన్ చేసి ఎరుపునే చూస్తున్నాను.

మంత్రాలప్పుడు చప్పుడు తగ్గడానికి క్వయట్ షట్టర్ పెట్టుకుంటున్నాను. బట్టల విషయానికొస్తే ముదురురంగు కాటన్ సల్వార్, రెండు లోతైన జేబులు. లేతరంగు వేసుకుంటే ఆ రంగు దగ్గరున్నవాళ్ల ముఖం మీద పడుతుంది. వేదిక మీద చెప్పులుండవు, కింద బియ్యం, నూనె ఉంటాయి, వెనక్కి నడిచేటప్పుడు జాగ్రత్త.

ఇంకా మిగిలినవి

గ్రూపు ఫోటోల జాబితా రావాలి. పెళ్లికూతురి పిన్ని రాస్తున్నారు. తలంబ్రాలు కాగానే మొదటి బంతికి అందరూ లేచిపోతారు, అందుకే అమ్మమ్మ, తాతయ్యలున్న గ్రూపులు ముందు, స్నేహితులవి చివర. మూడు వరసలుంటే అందరూ స్పష్టంగా రావడానికి ఎఫ్/5.6 కన్నా తక్కువకు పోను, ప్రతి గ్రూపుకూ నాలుగైదు తీస్తాను, ఎవరో ఒకరు కళ్లు మూస్తారు. పేర్లు పిలిచే బాధ్యత కూడా పిన్నిగారిదే, నాకు అందరి ముఖాలూ తెలియవు.

ఇంటికి రాగానే కార్డులు లాప్‌టాప్‌లోకి, ఒక హార్డ్‌డిస్కులోకి, రాత్రికి క్లౌడ్‌లోకి వెళ్లాలి. ఆల్బమ్ వాళ్ల చేతికి వెళ్లేదాకా ఏ కార్డూ ఫార్మాట్ చేయను.

పెళ్లికూతుర్ని చేయడం తెల్లవారుజామున. ఆ గదిలోకి నన్ను రానిస్తారు, ఆడపిల్లను కాబట్టి అక్కడ ఎవరూ మొహమాటపడరు. పూలజడ వేస్తున్నప్పుడు వాళ్లమ్మ ముఖం తీయాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. దానికి 35 చాలు. అద్దె సామాను ముందురోజు పొద్దున్నే తెచ్చుకుంటాను, సాయంత్రం ఎదురుకోలుకు అదే మండపంలో, అవే లైట్ల కింద ఇంకోసారి అన్నీ సరిచూసుకునే వీలుంటుంది.