పాత కారవాన్‌ని పాతగానే బాగు చేయడం: నా అనుభవం

పాత కారవాన్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి బండి, కొన్నామని చెప్పగానే మనవాళ్లు చాలామంది ముందు అడిగింది "లోపల ఏసీ, టీవీ పెట్టిస్తున్నారా?" అనే. పెట్టించలేదు. 1968లో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు ఎలా ఉందో, వీలైనంతవరకు అలాగే నిలబెట్టాలన్నది నా పట్టుదల.

మేముండేది ఇంగ్లండ్‌లో, కేంబ్రిడ్జ్‌లో. మాది స్ప్రైట్ అనే కంపెనీ చేసిన ఆల్పైన్ మోడల్. గుర్రప్పందేలకు పేరుపడ్డ న్యూమార్కెట్ మాకు దగ్గరే, ఈ బండ్లు తయారైంది అక్కడే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శామ్ ఆల్పర్ అనే ఆయన మామూలు ఉద్యోగస్తులు కొనగలిగే ధరలో, చిన్న కారు లాగగలిగే బరువులో వీటిని చేయించారు. 1963లో స్ప్రైట్, బ్లూబర్డ్ అనే మరో కారవాన్ కంపెనీ కలిసి కారవాన్స్ ఇంటర్నేషనల్ అయ్యాయి. 1982లో ఆ కంపెనీ కుప్పకూలింది. అందుకే విడిభాగాలు కావాలంటే ఇంకో పాత బండి నుంచి రావాలి, లేదా మనమే చేసుకోవాలి.

ధర, బరువు తగ్గాలి కాబట్టి సన్నటి చెక్క ఫ్రేమ్ కట్టి, దాని మీద పలచటి అల్యూమినియం రేకు బిగించారు. ఈ బండ్లకు అసలు శత్రువు తుప్పు కాదు, చెమ్మ. గోడ, పైకప్పు కలిసే చోట ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది. దాని కింద పూసిన మాస్టిక్, అంటే సందుల్లోంచి నీళ్లు దిగకుండా పూసే మెత్తటి బంక, ఏళ్లు గడిచేకొద్దీ ఎండి బీటలిస్తుంది. అప్పుడు స్క్రూ రంధ్రాల్లోంచి వాన నీళ్లు నేరుగా చెక్కలోకి దిగుతాయి. బయటికి రేకు నిగనిగలాడుతూనే ఉంటుంది. మా బండి వెనక మూలలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే దాని కొసకి తడిసిన టీ పొడిలాంటి చెక్క అంటుకుని వచ్చింది.

లోపలి అల్మరాలు, బెంచీలు ఊడదీసేముందు ప్రతిదానికీ ఫొటో తీసి, వెనకవైపు పెన్సిల్‌తో నంబరు వేశాను. రేకు మాత్రం ఒకేసారి మొత్తం విప్పకూడదు. ఫ్రేమ్ వంగిపోతే మళ్లీ ఆ గుండ్రటి ఆకారం రాదు. ఒక వైపు పూర్తి చేశాకే రెండో వైపుకి వెళ్లాలి. చీకిపోయిన ముక్కనైనా సరే పారేయకూడదు, కొత్త చెక్క కోయడానికి కొలత అదే. దాన్ని హార్డ్‌బోర్డ్ మీద పెట్టి చుట్టూ గీసుకుని, ఆ గీత ప్రకారం కోశాను.

మాకు ముందున్న ఎవరో అంచులన్నిటికీ సిలికాన్ పూశారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. దాని మీద పెయింట్ అంటదు, గీకితే ఓ పట్టాన పోదు. లోపలికి చేరిన నీటిని బయటికి పోనివ్వదు కూడా. గట్టిపడని మాస్టిక్ టేపే వాడాలి.

అసలుదనం చిన్న చిన్న వాటిలోనే తెలిసిపోతుంది. ఉదాహరణకు స్క్రూలు. మా బండిలో అసలువన్నీ ఒకే గీత ఉన్న తలలే. మధ్యలో ఎవరో ప్లస్ గుర్తు స్క్రూలు వేశారు. అవన్నీ తీసి పాతరకం ఇత్తడివి వేశాను, ఆ చిన్న మార్పుతోనే అల్మరా ముఖం మారిపోయింది. రంగు సంగతీ అంతే. కిటికీ ఫ్రేమ్ విప్పితే, ఎండ తగలని ఆ వేలెడు వెడల్పులో అసలు లేత నీలం కనిపించింది. బయట దాని మీద రెండు పొరలు వేరే రంగులున్నాయి. ఆ పట్టీని చూపించి పెయింట్ షాపులో రంగు కలిపించాను. అల్యూమినియం మీద ముందు ఎచ్ ప్రైమర్, అంటే రేకుని రంగు పట్టుకునేలా చేసే అడుగు పూత, పడకపోతే రంగు పెచ్చులుగా లేచిపోతుంది. కర్టెన్ అంచు మడత విప్పినప్పుడు కూడా, లోపల వెలిసిపోని నారింజ పూలు బయటపడ్డాయి. ఆ డిజైన్‌కి దగ్గరగా ఉన్న గుడ్డ వెతికి మా ఆవిడే కుట్టింది.

బల్ల పైన గ్యాస్ దీపం ఉంది. ఒకప్పుడు మన పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైట్లకు కట్టేవారే, మంట తగిలితే తెల్లగా వెలిగే చిన్న వల సంచి, అలాంటి మాంటిలే దీనికీ. పాత మాంటిళ్లలో థోరియం ఉండేది, దానికి కొద్దిగా రేడియోధార్మికత ఉంటుంది. ఇప్పుడు యిట్రియంతో చేసినవి దొరుకుతున్నాయి, అవే పెట్టాం.

పిల్లలు పడుకునే చోటు కాబట్టి కొన్నిటి దగ్గర పాతదనాన్ని వదిలేశాను. హీటర్ వెనక ఉన్న పలక మీద అనుమానం వచ్చి, దాన్ని కదిలించకుండా పరీక్ష చేయిస్తే ఆస్బెస్టాస్ అని తేలింది. ఆ పని తెలిసినవాళ్లనే పిలిపించి తీయించాను. పరుపుల్లో ఉన్నది 1988 అగ్ని భద్రతా నిబంధనలకు ముందునాటి ఫోమ్. అంటుకుంటే నిమిషాల్లో విషపు పొగ నింపేస్తుంది. గుడ్డ డిజైన్ పాతదే ఉంచి, లోపల ఫోమ్ కొత్తది వేయించాను. గ్యాస్ గొట్టాలు, టైర్లు, బ్రేక్ లైనింగ్‌లు అన్నీ కొత్తవే. బ్రిటన్‌లో కారవాన్లకు ఏటా తప్పనిసరి తనిఖీ లేదు, అందుకే ఈ బాధ్యత మొత్తం మనదే. గోడ మీద, వాసన తెలియని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కనిపించనీ, నాకేం బాధ లేదు.

కారుకి తగిలించే కొక్కెం మాత్రం అసలుదే. అది వెనక్కి నొక్కుకుంటే బండి బ్రేకులు పడతాయి. రివర్స్ చేసేటప్పుడు తనంతట తానే వదిలే బ్రేకులు 1989 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకే తప్పనిసరి. మాది అంతకు ముందుది కాబట్టి, వెనక్కి వెళ్లాలంటే ఒకరు దిగి చిన్న మీట పక్కకి తిప్పాలి. లేకపోతే బ్రేకులు పట్టేసి బండి కదలదు. మోటార్‌వే మీద చట్టం 60 మైళ్ల దాకా ఒప్పుకున్నా నేను 50 దాటను.

ఇక నేల మీది లినోలియం ఒక్కటే మిగిలింది. బెంచీ కింద దాని అసలు ముక్క అరచేయంత దొరికింది. దానికి సరిపోయేది దొరికేదాకా కింద ఉత్త ప్లైవుడ్డే ఉంటుంది, ఏదో ఒకటి పరిచేయడం నాకిష్టం లేదు.